కాటా చూపని కొవ్వు

సంపాదకుల వారికి నమస్కారం.

మా అక్క 90 కిలోలు. షుగరు, బీపీ రెండూ లేవు. ఆమెకంటే పాతిక కిలోలు తక్కువున్న నాకు నలభై దాటకముందే షుగరొచ్చింది. ‘లావుగా ఉన్నదానికి లేదు, నీకెలా వచ్చిందే?’ అని చుట్టాలు ఇప్పటికీ అడుగుతుంటారు.

కొవ్వు ఎంతుందన్నదే కాదు, ఎక్కడ చేరిందన్నదీ ముఖ్యం. తొడలు, పిరుదుల దగ్గర చర్మం కింది కొవ్వు కణాలు మిగులును దాచుకోగలిగినంత కాలం చేటు తక్కువ. ఆ చోటు చాలనప్పుడు కొవ్వు కాలేయంలోకి, పేగుల చుట్టూ, కండరాల్లోకి చేరుతుంది. అప్పుడు రక్తంలో చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్ సరిగా పనిచేయదు. ఆ చోటు ఎవరికెంతో నిర్ణయించడంలో జన్యువులకు పెద్ద పాత్రే ఉంది. పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ ఇద్దరి బీఎంఐ (ఎత్తును బట్టి బరువును అంచనా వేసే లెక్క) 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యాజ్ఞిక్‌కు 21.2 శాతం, యుడ్కిన్‌కు 9.1! ఈ సంగతి 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వాళ్లే రాశారు.

అలాగని అక్క విషయంలో నాకు నిశ్చింత లేదు. ఇలాంటివారిలో చాలామందికి ఏళ్లు గడిచాక షుగరో, బీపీయో వస్తోంది. అందుకే ఏటా పరీక్షలకు నేనే వెంటబెట్టుకు వెళ్తున్నాను.

ఆరోగ్య శిబిరాల్లో బరువు చూసి పంపేయకుండా టేపుతో నడుము కూడా కొలవాలని వైద్యాధికారులను వేడుకుంటున్నాను. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే సన్నగా కనిపించినా రక్తపరీక్ష చేయించాలి.

– ఒక పాఠకురాలు, తెనాలి