ఆదివారం కట్ట మీద దీవుల దెయ్యాల ముచ్చట్లు

అందరికీ నమస్తే 🙏
బాలి, జావా టూర్‌కు పేర్లిచ్చినవాళ్లంతా ఈ ఆదివారం సాయంత్రం 5 గంటలకు పానగల్ ఉదయ సముద్రం చెరువు కట్ట మీదికి రండి. ఈసారి హోటళ్ల లెక్కలు కాదు, అక్కడి దెయ్యాల కథలు మాట్లాడుకుందాం. అవి తెలిస్తేనే ఆ ఊళ్లు అర్థమవుతాయి.

బాలివాళ్ల కొత్త సంవత్సరం ‘న్యేపి’ మన ఉగాది రోజుల్లోనే వస్తుంది. వాళ్లదీ శక సంవత్సరమే. ముందురోజు రాత్రి ‘ఓగో ఓగో’ అనే పెద్ద పెద్ద భూతాల బొమ్మలను భుజాల మీద మోస్తూ, వాయిద్యాల మోతతో ఊరేగిస్తారు. తెల్లారితే దీపం, పొయ్యి, ప్రయాణం అన్నీ బంద్. ఊరు ఖాళీగా ఉందనుకుని దుష్టశక్తులు వెళ్లిపోతాయని నమ్మకం. ఎయిర్‌పోర్టు కూడా 24 గంటలు మూసేస్తారు, టూరిస్టులూ హోటల్ దాటకూడదు. టికెట్లు తీసే ముందు ఆ తేదీ తప్పకుండా చూద్దాం.

జావాలో పరంగ్‌త్రితిస్ బీచ్‌కు ఆకుపచ్చ బట్టలు వద్దు. దక్షిణ సముద్రపు రాణి న్యాయి రోరో కిదుల్ లాక్కెళ్తుందంటారు. నీళ్లు లోపలికి లాగడం మాత్రం నిజం, పిల్లలను దించొద్దు.

బాలిలో నేల మీద పెట్టిన నైవేద్యాలు తొక్కొద్దు, అవి భూతాల కోసం పెట్టినవి. మనకు కథ, వాళ్లకు పూజ.

ఇంటికొక కథ తీసుకురండి. నాయనమ్మ చెప్పిన కొరివి దెయ్యమైనా సరే. చాప, టార్చ్ మర్చిపోవద్దు.

ఎంతమంది వస్తారో శనివారం రాత్రిలోపు ఇక్కడే రాయండి. పాస్‌పోర్ట్ గడువు కనీసం 6 నెలలు ఉందో లేదో ఈరోజే చూసుకోండి.