రాత్రి డ్యూటీ సిస్టర్ గారికి కృతజ్ఞతలు

మా అమ్మ విరేచనాలతో ఆసుపత్రిలో ఉన్నప్పుడు రాత్రిళ్లు చూసుకున్న సిస్టర్ గారూ, మీ పేరు నాకు తెలియదు. అందుకే అందరి ముందూ ఇలా కృతజ్ఞతలు చెబుతున్నాను.

పక్క తడిసిన ప్రతిసారీ అమ్మ సిగ్గుతో ముడుచుకుపోయేది. మీరు ముందుగా తెర లాగేవారు, ఆ తర్వాతే దుప్పటి తీసేవారు. గోరువెచ్చని నీళ్లతో మెల్లగా కడిగి, రుద్దకుండా మెత్తని గుడ్డతో అద్ది, జింక్ ఆక్సైడ్ క్రీమ్ రాసేవారు. మాటిమాటికీ విరేచనమైతే అక్కడి చర్మం ఒరిసి పుండు పడుతుందని, పెద్దవయసులో అది ఇంకా తొందరగా జరుగుతుందని మీరు చెబితేనే తెలిసింది. "ఇది మా పనేనమ్మా, మొహమాటపడకండి" అని మీరన్నాక అమ్మ బెడ్‌పాన్ అడగడానికి వెనకాడలేదు. మందుల కన్నా ఆ మాటే ఆమెకు ఎక్కువ ధైర్యమిచ్చిందని నా నమ్మకం.

వాంతి అయితే పది నిమిషాలు ఆగి, మళ్లీ ఓఆర్‌ఎస్ చెంచాతో కొద్దికొద్దిగా పట్టమన్నారు. అందులోని గ్లూకోజ్ వల్లే పేగు ఉప్పునీ నీటినీ బాగా పీల్చుకుంటుందని ఓపిగ్గా వివరించారు. శానిటైజర్ అన్ని క్రిములకూ పనిచేయదని, సబ్బుతోనే చేతులు కడుక్కోమని మాకూ నేర్పారు.

అమ్మ మగతగా ఉంటే మేం నిద్ర అనుకున్నాం. మూత్రం తగ్గిందని, నాలుక ఎండిపోయిందని గమనించి వెంటనే డాక్టర్‌ని పిలిచి సెలైన్ ఎక్కించింది మీరే. ఇప్పుడు అమ్మ లేచి తిరుగుతోంది, మిమ్మల్ని ఒకసారి చూడాలంటోంది. మీకు మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాం.