బరిటో మాంసానికి గంట చాలదు

సంపాదకులు గారికి నమస్కారం.

గత ఆదివారం మీ వంటల పేజీలో పీచుగా విడదీసిన బీఫ్‌తో బరిటో (టోర్టిల్లా అనే పల్చటి రొట్టెలో కూర పెట్టి చుట్టే మెక్సికన్ వంటకం) ఎలా చేయాలో వేశారు. ఇలాంటిది ఇంట్లో చేసుకోవచ్చని పాఠకులకు చెప్పడం మంచి పని, అందుకు ముందుగా థాంక్స్. కానీ మీరు రాసినట్టే చేస్తే ఆ మాంసం పీచులుగా విడిపోదు. కొవ్వు లేని లేత మాంసం తీసుకోమన్నారు, చిన్న ముక్కలు కోయమన్నారు, పెద్ద మంట మీద గంటసేపు ఉడికించమన్నారు. ముక్క తప్పు, సైజు తప్పు, మంట తప్పు, టైమ్ కూడా తప్పు. దీన్ని నమ్మి చేసినవాళ్లు ఎండిపోయిన గట్టి ముక్కలు నమిలి, ఇది మనవల్ల అయ్యే వంట కాదని వదిలేస్తారు, నా బాధంతా అదే. నిజానికి ఇంతకన్నా తేలిక వంట ఉండదు, పని అరగంట, మిగతాదంతా పొయ్యి చూసుకుంటుంది. చివర్లో బీన్స్ గురించి రాసిన మాట మాత్రం ప్రమాదకరం, దాని గురించి కింద విడిగా రాస్తాను, దయచేసి అక్కడిదాకా చదవండి.

ముందు మాంసం సంగతి. పీచులుగా రావాలంటే పశువు బాగా వాడిన కండ కావాలి. భుజం దగ్గరి చక్, రొమ్ము దగ్గరి బ్రిస్కెట్, కాలి పిక్క, ఇవీ ఈ వంటకి పనికొచ్చేవి. వీటిలో కండల మధ్య తెల్లటి పొరలుంటాయి, అదే కొలాజెన్. చాలామంది ఆ పొరలు చూసి ఇది నాసిరకం అని పక్కన పెట్టేస్తారు, కానీ ఈ వంటలో మెత్తదనం వచ్చేదే ఆ పొరల నుంచి. లేత మాంసంలో కొలాజెన్ తక్కువ, కాబట్టి దాన్ని ఎన్ని గంటలు ఉడికించినా కరిగేది ఏమీ ఉండదు, ఉన్న నీరు కాస్తా పోయి పొడిబారుతుంది. ఖరీదైన ముక్క కొని వంట పాడుచేసుకోవడం అంటే ఇదే. నన్నడిగితే చక్ మొదటి ఎంపిక, దాంట్లో కొవ్వూ కొలాజెనూ రెండూ సరిపడా ఉంటాయి.

ఇక గంట ఎందుకు చాలదో చెప్తాను. మాంసం వేడెక్కి 60 డిగ్రీల సెల్సియస్ దాటేసరికి కండలోని ప్రోటీన్లు బిగుసుకుని లోపలి నీటిని బయటికి పిండేస్తాయి. అప్పటికి కొలాజెన్ ఇంకా కరగదు. అది 70 దగ్గర మెల్లగా మొదలై, 80 దాటాక కాస్త వేగం అందుకుని, గంటల తరబడి కరుగుతూ జెలటిన్ అనే మెత్తటి జిగురు పదార్థంగా మారుతుంది. అంటే మధ్యలో ఒక దశ ఉంటుంది, నీరు పోయింది కానీ పొరలు కరగలేదు, అప్పుడు ముక్క ఎంత గట్టిగా ఉంటుందంటే ఫోర్కు గుచ్చితే వెనక్కి తోస్తుంది. వంట చేసేవాళ్లు సరిగ్గా ఇక్కడే టెన్షన్ పడతారు. అయ్యో ఎక్కువ ఉడికిపోయింది అనుకుని దించేస్తారు, నిజానికి అది ఇంకా ఉడకలేదు! ఇంకో గంటో రెండు గంటలో ఓపిక పడితే అదే ముక్క తనంతట తాను వదులవుతుంది, జెలటిన్ పీచుల చుట్టూ పట్టుకుని నోట్లో తడిగా తగులుతుంది. మీ వంటకంలో చెప్పిన గంట సరిగ్గా ఈ గట్టి దశలో ముగుస్తుంది.

కాబట్టి గడియారం చూడొద్దు, ఫోర్కు చూడండి. రెండు ఫోర్కులు గుచ్చి అటూ ఇటూ లాగితే బలం పెట్టకుండా విడిపోవాలి. థర్మామీటర్ ఉంటే ముక్క మధ్యలో 93 నుంచి 96 డిగ్రీలు చూపించాలి. బీఫ్ తినడానికి అంత వేడి అక్కర్లేదు కదా అని కొందరు అడుగుతారు, తినడానికి అక్కర్లేదు, పీచులు విడిపోవడానికి కావాలి.

కిలోన్నర చక్‌కి సుమారు లెక్క ఇది. 150 డిగ్రీల ఓవెన్‌లో మూత బిగుతుగా ఉన్న గిన్నెలో మూడు నుంచి మూడున్నర గంటలు, స్లో కుక్కర్ అనే, తక్కువ వేడి మీద నెమ్మదిగా వండే ఎలక్ట్రిక్ కుండలో అయితే ‘లో’ సెట్టింగ్ మీద 8 నుంచి 10 గంటలు, ప్రెజర్ కుక్కర్‌లో అయితే ప్రెజర్ వచ్చాక దాదాపు గంట. ప్రెజర్ కుక్కర్ లోపల వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది, అందుకే తొందరగా అవుతుంది, దాన్ని నేను తప్పుపట్టను. కానీ టైమ్ అయిపోగానే ఆవిరి ఒక్కసారిగా వదిలేయకండి, ప్రెజర్ హఠాత్తుగా పడిపోతే ముక్క లోపలి నీరు మరిగి బయటికి పోతుంది, దానంతట అది చల్లారనివ్వండి. స్లో కుక్కర్ వాడేవాళ్లు మాటిమాటికీ మూత తీసి చూడకూడదు, తీసిన ప్రతిసారీ పోయిన వేడి తిరిగి రావడానికి 20 నిమిషాలైనా పడుతుంది. ఫ్రీజర్‌లోంచి తీసిన గడ్డకట్టిన మాంసాన్ని నేరుగా అందులో వేయడం అసలే వద్దు. బ్యాక్టీరియా పెరిగేది 4 డిగ్రీలకీ 60 డిగ్రీలకీ మధ్యలో, గడ్డకట్టిన ముక్క ఆ మధ్యలోనే గంటల తరబడి ఉండిపోతుంది. ముందు రోజే ఫ్రిజ్ కింది అరలో పెట్టి కరగనివ్వాలి.

ముక్కలు చిన్నవి కోయమన్నారు కదా, ఏడెనిమిది సెంటీమీటర్ల పెద్ద ముక్కలు కోయాలి. చిన్నవైతే పీచు పొడుగు రాదు, పొడిపొడి అయిపోతుంది. మరీ పెద్ద ముక్క యథాతథంగా ఉడికిస్తే పీచులు పొడుగ్గా వచ్చి బరిటో కొరికినప్పుడు ఒక్క పీచు పట్టుకుని లోపలిదంతా బయటికి వచ్చేస్తుంది. వండే ముందు ముక్కల మీది తడిని పొడి గుడ్డతో గానీ పేపర్‌తో గానీ బాగా ఒత్తి తుడిచి, ఉప్పు పట్టించి, వేడి నూనెలో రెండు మూడు వైపులా ముదురు గోధుమ రంగు వచ్చేదాకా వేయించాలి. కిలోన్నరకి 15 గ్రాముల ఉప్పు సరిపోతుంది. తడి ఉంటే ఆ నీరు ఆవిరయ్యేదాకా ముక్క 100 డిగ్రీలు దాటదు, రంగు రావాలంటే 140 దాకా వెళ్లాలి. ఈ పని మానేస్తే మాంసం మెత్తగా వస్తుంది కానీ రుచి చప్పగా ఉంటుంది, ఎన్ని మసాలాలు వేసినా ఆ లోటు పూడదు.

మిరప గురించి మీరు కారం రెండు చెంచాలు అని రాసి ఊరుకున్నారు. బరిటో ఉత్తర మెక్సికోది, చివావా, సొనోరా లాంటి రాష్ట్రాలది, అక్కడ మాంసం రుచంతా ఎండు మిరపలోనే ఉంటుంది. ఆంచో అంటే ఎండిన పొబ్లానో మిరప, తియ్యగా, ఎండు ద్రాక్ష వాసనతో ఉంటుంది. గువాహీయో మంచి ఎరుపు ఇస్తుంది, కారం తక్కువ. చిపోట్లే అంటే పొగ పట్టించి ఎండబెట్టిన హలపెన్యో మిరప, అది ఒక్కటి వేసినా పొగ వాసన మొత్తం పట్టుకుంటుంది. ఆంచో మూడు, గువాహీయో మూడు, చిపోట్లే ఒకటి తీసుకుని గింజలు దులిపి, పొడి పెనం మీద కొన్ని సెకన్లు మాత్రమే వేడి చేయాలి, నల్లబడితే చేదు వస్తుంది, దాన్ని ఇక ఏం చేసినా బాగుచేయలేం. వేడినీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి, వెల్లుల్లి, చెంచాడు జీలకర్ర, చెంచాడు ఒరెగానో, రెండు టమాటాలు కలిపి మెత్తగా రుబ్బి మాంసం మీద పోయాలి. ఒక ఉల్లిపాయ, ఒక బిర్యానీ ఆకు చాలు. ఈ మిరపలు దొరకకపోతే కారం తక్కువున్న ఏ ఎండు మిరపైనా తీసుకుని కొంచెం స్మోక్డ్ పాప్రికా, అంటే పొగ పట్టించిన మిరప పొడి, కలపొచ్చు, రుచి అచ్చం అలాగే రాదు కానీ దారి తప్పదు.

నీళ్లు లీటరు పోయమన్నారు, పావు లీటరు చాలు. ముక్కే బోలెడంత నీరు వదులుతుంది, మూత ఉన్న గిన్నెలోంచి అది ఎక్కడికీ పోదు. ఉడికాక ముక్కలు బయటికి తీసి, పైన తేలిన కొవ్వు తీసేసి, మిగిలిన రసాన్ని మూత లేకుండా మరిగించి చిక్కబరచాలి. మాంసం వేడిగా ఉన్నప్పుడే విడదీసి ఆ చిక్కటి రసంలో కలిపి పది నిమిషాలు ఉంచితే పీచు రసాన్ని పీల్చుకుంటుంది. ఇది మీ వంటకంలో అసలు లేదు, నా దృష్టిలో వంట మొత్తానికి ఇదే కీలకం. రసం పల్చగా ఉండగానే చుట్టేస్తే టోర్టిల్లా అడుగు నానిపోయి చేతిలో చిరిగిపోతుంది, రసం పారబోసి ఒట్టి మాంసం పెడితే గొంతు పట్టేస్తుంది. చివర్లో నిమ్మరసం పిండి ఉప్పు ఒకసారి చూసుకోండి.

టోర్టిల్లా విషయంలో గొడవ లేదు, కొన్నవి వాడినా తప్పు లేదు. 25 నుంచి 30 సెంటీమీటర్ల గోధుమ టోర్టిల్లా కావాలి, మొక్కజొన్నది మడిస్తే విరుగుతుంది. పొడి పెనం మీద ఒక్కో వైపు 15, 20 సెకన్లు వేడి చేసి వెంటనే చుట్టాలి. మధ్యకన్నా కాస్త కిందుగా మాంసం పెట్టి, పక్కలు లోపలికి మడిచి, కింది అంచు పైకి వేసి బిగుతుగా చుట్టి, అంచు కిందికి వచ్చేలా పెనం మీద నిమిషం ఉంచితే అతుక్కుంటుంది.

మీ ఫొటోలో బరిటో లోపల అన్నం, బీన్స్, మొక్కజొన్న గింజలు, పాలకూరలాంటి ఆకులు, చీజ్, మూడు రకాల సాస్‌లు కనిపించాయి. అన్నం, బీన్స్ కూరి ఫాయిల్‌లో చుట్టే పెద్ద బరిటో 1960లలో శాన్ ఫ్రాన్సిస్కోలోని మిషన్ ప్రాంతంలో పుట్టిన పద్ధతి, అదీ బాగుంటుంది, కాదనను. కానీ నాలుగు గంటలు మాంసం మీద ఖర్చుపెట్టి దాన్ని అన్నం కింద పాతిపెట్టడం ఎందుకు? చివావా రాష్ట్రంలోని సియుడాడ్ హువారెజ్ నగరంలో బరిటో సన్నగా ఉంటుంది, లోపల ఒకటో రెండో పదార్థాలు, అంతే. నెమ్మదిగా వండిన బీఫ్‌కి అదే న్యాయం చేస్తుంది. మాంసం, కాసిన్ని బీన్స్, కొంచెం పచ్చి ఉల్లి, ఇంకేం వద్దు.

ఇప్పుడు బీన్స్. వంటకం చివర బాక్సులో, స్లో కుక్కర్ ఉన్నవాళ్లు నానబెట్టిన ఎర్ర రాజ్మా గింజలు కూడా మాంసంతోపాటే వేసేయవచ్చని రాశారు. దయచేసి దీన్ని సరిదిద్దండి. పచ్చి ఎర్ర రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే పదార్థం ఉంటుంది, నాలుగైదు పచ్చి గింజలు తిన్నా గంట నుంచి మూడు గంటల్లో తీవ్రమైన వాంతులు, తర్వాత విరేచనాలు రావచ్చు. బాగా మరిగిస్తే అది నశిస్తుంది, కానీ స్లో కుక్కర్‌లో గింజ అంత వేడికి చేరకపోవచ్చు. 80 డిగ్రీల దగ్గర ఆగిపోతే విషం తగ్గకపోగా పెరిగే అవకాశం ఉంది. గింజ మెత్తబడింది కదా అని నమ్మడానికి లేదు. స్లో కుక్కర్‌కి బీన్స్‌తో పాత సంబంధం ఉన్నమాట నిజమే, ఇర్వింగ్ నాక్సన్ అనే అమెరికన్‌కి 1940లో పేటెంట్ వచ్చిన ఆ ఎలక్ట్రిక్ కుండనే 1971లో రైవల్ కంపెనీ క్రాక్‌పాట్ పేరుతో అమ్మింది, బహుశా ఆ ధైర్యంతోనే చాలామంది ఏ గింజైనా నేరుగా వేసేయవచ్చు అనుకుంటారు. ఎర్ర రాజ్మాని కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో తెర్లుతూ ఉండగా 30 నిమిషాలు ఉడికించాకే స్లో కుక్కర్‌లో వేయాలి. డబ్బాలో ఉడికించి అమ్మేవైతే భయం లేదు, నేరుగా వాడొచ్చు.

మిగిలిన మాంసం గురించి ఒక్క మాట, కిలోన్నర వండితే దాదాపు 900 గ్రాములు చేతికొస్తుంది కాబట్టి మిగలడం ఖాయం. లోతైన గిన్నెలో రాత్రంతా బయట వదిలేయకుండా, వెడల్పాటి గిన్నెల్లో పల్చగా పరిచి రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు ఉంటుంది. చుట్టిన బరిటోలు ఫాయిల్‌లో పెట్టి ఫ్రీజర్‌లో రెండు మూడు నెలలు ఉంచుకోవచ్చు, అందులో ఆకులు, పచ్చి టమాటా లాంటివి వేయకూడదు, మైక్రోవేవ్‌లో పెట్టే ముందు ఫాయిల్ తీసేయాలి.

మీ పేజీ కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అంటించుకునే పాఠకులు ఉంటారు. మాంసం గురించి నేను రాసినదానికి చోటు లేదంటే వదిలేయండి, రాజ్మా సవరణ మాత్రం వచ్చే ఆదివారం అదే వంటల పేజీలో, అదే సైజు అక్షరాల్లో వేయండి.

ఇట్లు,
మీ వంటల పేజీ పాఠకురాలు