తుపానుల కాలంలో మా దుకాణం వేళలు, అద్దె జనరేటర్ల గురించి

మా దగ్గర టార్పాలిన్లు, తాళ్ళు, ఛార్జింగ్ లైట్లు కొనేవారికీ, జనరేటర్లు అద్దెకు తీసుకునేవారికీ నమస్కారం. తుపానుల కాలం దగ్గరపడింది. ఈసారి ఎలా నడుచుకోబోతున్నామో ముందే చెప్పేస్తున్నాం. కొన్ని మాటలు మీకు నచ్చకపోవచ్చు.

ఇకమీదట ఈదురుగాలులు ఎప్పుడు మొదలవుతాయో చూసుకుని షట్టర్ దించుతాం. గంటకు 62 కిలోమీటర్లు దాటే గాలులు మన తీరానికి ఎప్పుడు చేరతాయని వాతావరణ శాఖ బులెటిన్ చెబుతుందో, దానికి ఒక రోజు ముందే డెలివరీలు ఆపేస్తాం. అదే రోజు సాయంత్రానికల్లా దుకాణం కూడా మూసేస్తాం. "తీరం దాటేది రేపు రాత్రికి కదండీ, అప్పుడే మూసేశారేం?" అని ఏటా అడుగుతారు. తీరం దాటడమంటే తుపాను కేంద్రం నేలమీదికి రావడం. గాలులు ఆ కేంద్రం చుట్టూ వందల కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంటాయి. కేంద్రం ఇంకా నడిసముద్రంలో ఉండగానే ఇక్కడ రేకులు లేస్తాయి. గాలి వేగం రెండింతలైతే అది తోసే బలం నాలుగింతలవుతుంది. ఆ గాలిలో మనిషిని నిచ్చెన ఎక్కించడం, ట్రాలీ ఆటోలో జనరేటర్ పంపడం మావల్ల కాదు. మా పనివాళ్ళకూ ఇళ్ళున్నాయి, వాళ్ళ కప్పులూ వాళ్ళు కట్టుకోవాలి. ఏడాది మొత్తంలో ఎక్కువ అమ్మకం జరిగేది ఆ ఆఖరి రోజే. తెలిసే వదులుకుంటున్నాం.

కాబట్టి అల్పపీడనం వాయుగుండంగా మారిందన్న కబురు రాగానే బయల్దేరండి. పేరు పెట్టేదాకా ఆగితే ఆలస్యమైపోవచ్చు. 2023 అక్టోబర్‌లో మెక్సికోలోని అకాపుల్కోను కొట్టిన ఓటిస్ తుపాను, ఒక్క రోజులోనే మామూలు తుపాను స్థాయి నుంచి కేటగిరీ 5కు (గాలి వేగాన్నిబట్టి ఇచ్చే అయిదు మెట్లలో అన్నిటికన్నా పైదానికి) పెరిగిపోయింది. వెచ్చటి సముద్రం మీద ఇలా జరిగినప్పుడు ముందుగా పసిగట్టడం నిపుణులకే కష్టం.

తుపాను కేంద్రం వెళ్ళే దారిని గీతగా చూపే మ్యాపు పట్టుకుని "మన ఊరు గీతకి పక్కనే ఉంది, మనకేం కాదు" అనేవాళ్ళూ వస్తుంటారు. ఆ గీతను నమ్ముకోకండి. దాని చుట్టూ గరాటులా విచ్చుకునే భాగం, కేంద్రం ఎటెటు వెళ్ళే అవకాశం ఉందో మాత్రమే చెబుతుంది. అమెరికా హరికేన్ కేంద్రం ఇచ్చే మ్యాపుల్లో కేంద్రం ఆ గరాటు లోపలే ఉండే అవకాశం సుమారు మూడింట రెండు వంతులు. మిగిలిన వంతు బయటికి పోవచ్చు. పైగా వాన, గాలి, ఉప్పెన ఎంతమేర ఉంటాయన్నది ఆ బొమ్మలో ఉండనే ఉండదు.

రెండు యాప్‌లలో గాలి వేగం రెండు రకాలుగా కనిపిస్తే కంగారు పడకండి. అమెరికా వాళ్ళు ఒక నిమిషం సగటు తీస్తారు, భారత వాతావరణ శాఖ మూడు నిమిషాలది తీస్తుంది, చాలా దేశాలు పది నిమిషాలది. ఏ సముద్రానికి ఆ అధికారిక కేంద్రం ఉంది: ఉత్తర హిందూ మహాసముద్రానికి న్యూఢిల్లీ, వాయవ్య పసిఫిక్‌కు టోక్యో, అట్లాంటిక్‌కు మయామీ. ఆ కేంద్రాల సమాచారంతో మీ వాతావరణ శాఖ ఇచ్చే బులెటిన్‌నే చూడండి, ఆ బులెటిన్ కింద రాసిన సమయం కూడా చూడండి. వాట్సాప్‌లో తిరిగే బులెటిన్ చాలాసార్లు నిన్నటిదై ఉంటుంది.

మాకు అన్నిటికన్నా భయం నీళ్ళంటే. 2005లో అమెరికాను కొట్టిన కత్రినా తుపాను తీరం చేరేసరికి కేటగిరీ 5 నుంచి 3కు తగ్గింది. అయినా మిసిసిపీ తీరంలో ఉప్పెన 8 మీటర్లు దాటింది. కేటగిరీ అంకె గాలి లెక్క మాత్రమే. ఉప్పెన ఎంత లేస్తుందన్నది తుపాను ఎంత పెద్దది, ఎటునుంచి వస్తోంది, తీరం దగ్గర సముద్రం ఎంత లోతు అన్నవాటి మీద కూడా ఆధారపడుతుంది. ఖాళీ చేయమంటే ఖాళీ చేయండి. మేం అమ్మే ఏ సామానూ ఉప్పెనను ఆపలేదు.

అద్దాలకు అంటించడానికని మా దగ్గర టేపు కొనకండి. టేపు అద్దాన్ని పగలకుండా ఆపదు. పగిలినప్పుడు ముక్కలు ఇంకా పెద్దవిగా ఊడిపడే ప్రమాదం ఉంది. ప్లైవుడ్ తీసుకోండి, కిటికీ కొలతలు ఇప్పుడే తెస్తే కోసి, చిల్లులు వేసి, ఏ పలక ఏ కిటికీకో పెయింటుతో రాసి ఇస్తాం. టార్పాలిన్ కట్టేటప్పుడు తాడు అంచునున్న అన్ని కళ్ళల్లోంచీ (చిల్లుల్లోంచీ) పోవాలి. నాలుగు మూలలే కడితే మొదటి విసురుకే మూల చిరిగి, తక్కినదంతా తెరచాపలా లేచిపోతుంది.

జనరేటర్ అద్దెకు ఇచ్చేముందు మీ ఎదుటే స్టార్ట్ చేసి, లోడు పెట్టి కాసేపు నడిపి చూపిస్తాం. ఇంట్లో, వరండాలో, బాల్కనీలో పెడతామంటే మాత్రం ఇవ్వం. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తలుపులు, కిటికీల నుంచి కనీసం ఆరు మీటర్ల దూరం ఉండాలి. గాలీవానా పూర్తిగా తగ్గాకే బయటపెట్టి నడపండి.

నడుమ గాలి ఒక్కసారిగా ఆగిపోతే అది తుపాను కన్ను, అంటే నడిమధ్యన గాలి నెమ్మదించే చోటు కావచ్చు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి అంతే జోరుగా మళ్ళీ కొడుతుంది. ఆ విరామంలో షట్టర్ సరిచేయడానికి రమ్మని ఫోన్ చేస్తే మేం రాము. మీరూ బయటికి రాకండి.

ఇంట్లో ఆక్సిజన్ మిషన్ వాడేవారుంటే ఈ వారమే వచ్చి పేరు రాయించండి. వాళ్ళకోసం కొన్ని జనరేటర్లు పక్కన పెడుతున్నాం. ఎంత అద్దె ఇస్తామన్నా అవి వేరేవాళ్ళకు వెళ్ళవు.