అరబ్బు పాత్రకు పాతబస్తీ యాస ఎందుకు?

సంపాదకులకు,

పది రోజుల కిందట మీ సినిమా పేజీలో, అరబ్బులను, ముస్లింలను విలన్లుగా చూపే అలవాటును హాలీవుడ్ మానుకుందని రాశారు. సాక్ష్యంగా 2019 నాటి ‘అల్లాదీన్’ను చూపించారు. తెలుగులో వెంకటేశ్, వరుణ్ తేజ్ గొంతులతో వచ్చిన సినిమా కాబట్టి పాఠకులందరికీ గుర్తే. కానీ మీరు సగమే చెప్పి వదిలేశారు.

1992 నాటి బొమ్మల ‘అల్లాదీన్’ మొదటి పాటలోనే, ముఖం నచ్చకపోతే చెవి కోసేసే చోటు మాది అని ఒక వర్తకుడు పాడతాడు. అమెరికాలోని అరబ్బు సంఘం గట్టిగా అడిగాక 1993లో వీడియో క్యాసెట్ల కోసం ఆ పాదం మార్చారు. దాని వెనకే వచ్చే ‘అనాగరికం’ అన్న మాటను ముట్టుకోలేదు. అది పోయింది 2019లో. ఒక్క మాటకు 26 ఏళ్లు! పైగా 1992 సినిమాలో హీరో, రాకుమారి అచ్చమైన అమెరికా ఉచ్చారణతో మాట్లాడతారు, భటులకూ వర్తకులకూ మాత్రమే బరువైన యాస. పిల్లల సినిమాకు ఇంత రాద్ధాంతమా అనేవాళ్లు ఒక్క అంకె చూడాలి. 2015 డిసెంబరులో అమెరికాలో ఒక సర్వే సంస్థ, అగ్రబా మీద బాంబులు వేయడానికి మీరు అనుకూలమా అని అడిగింది. రిపబ్లికన్ ఓటర్లలో 30 శాతం, డెమొక్రాట్లలో 19 శాతం అవునన్నారు. అగ్రబా ఆ సినిమాలో తప్ప భూమ్మీద ఎక్కడా లేదు. పేరు అరబ్బు పేరులా వినిపించింది, అంతే.

ఈ మూస చిత్రణ కథలోనే పుడుతుందనుకోవడం పొరపాటు. ఊరిని పైనుంచి చూపి, రంగును పసుపుకు తిప్పి, వెనక అజాన్ వేస్తే చాలు, ఒక్క డైలాగు లేకుండానే ప్రేక్షకుడు బాంబు కోసం ఎదురుచూస్తాడు. అజాన్ నమాజుకు పిలుపు మాత్రమే. అందులోనూ ‘నిద్ర కన్నా నమాజు మేలు’ అన్న వాక్యం సున్నీల తెల్లవారుజాము అజాన్‌లోనే వస్తుంది. సౌండ్ లైబ్రరీలో దొరికిన ట్రాకును వినకుండా మధ్యాహ్నం సీనుకు అతికిస్తే తెలిసినవాళ్లకు ఇట్టే దొరికిపోతుంది. గోడల మీద రాతలూ అంతే. అరబ్బీ కుడి నుంచి ఎడమకు, అక్షరాలు కలుపుతూ రాస్తారు. మాటకు ముందు, నడుమ, చివర అక్షరం రూపు మారుతుంది. ఆ లిపికి సరిపడని సాఫ్ట్‌వేర్‌లో పేస్టు చేస్తే అక్షరాలు విడివడి, వరుస తిరగబడి పడతాయి. మన బోర్డు మీద ‘ద్ బా రా ద హై’ అని రాసినట్టు. చదివేవాడు సెట్‌లో లేకపోతే ఏమవుతుందో 2015లో ‘హోమ్‌ల్యాండ్’ అనే అమెరికా టీవీ సీరియల్ వాళ్లకు తెలిసొచ్చింది. శరణార్థుల శిబిరం సెట్టు గోడల మీద రాయడానికి పిలిచిన కళాకారులు, ఈ సీరియల్ జాతి వివక్షతో నిండినదని అరబ్బీలోనే రాశారు. అది అలాగే ప్రసారమైపోయింది.

ఇక మన వాటా. హాలీవుడ్ సినిమాను తెలుగులోకి దించేటప్పుడు అరబ్బు పాత్ర వచ్చిందంటే చాలాసార్లు ‘అరే భాయ్’, ‘మియా’ అంటూ పాతబస్తీ యాస తగిలిస్తారు. అది దక్కనీ ఉర్దూ మాట్లాడేవాళ్ల తెలుగు, అరబ్బీకి దానితో చుట్టరికమే లేదు. ఒకప్పటి తెలుగు సినిమాల్లో సాయిబు పాత్రకు పెట్టిన ‘నంబళ్కీ, నింబళ్కీ’ అలవాటే ఇది. తెలుగే అమ్మభాషైన దూదేకుల ముస్లింలు ఉన్న నేల మీద ఈ వెకిలితనం ఏమిటి? హద్రమౌత్ నుంచి వచ్చిన యెమెనీల సంతతి హైదరాబాద్‌లోని బార్కస్‌లో తరతరాలుగా ఉంది. ఉస్మానియాలోని దాయిరతుల్ మఆరిఫ్ 1888లో మొదలై, అరుదైన అరబ్బీ గ్రంథాలను అచ్చువేసిన సంస్థ. ఇంత దగ్గరలో పెట్టుకుని డబ్బింగ్ స్క్రిప్టు ఒక్కసారి చూపించుకోలేరా?

సెన్సార్ బోర్డు సంగతి వేరే చెప్పాలా? డబ్బింగ్ వెర్షన్‌కు విడిగా సర్టిఫికెట్ ఇస్తారు. జాతి, మత వర్గాలను కించపరిచే మాటలు, దృశ్యాలు ఉండకూడదని 1991 మార్గదర్శకాల్లోనే ఉంది. సిగరెట్ కనిపించినప్పుడల్లా తెర కింద హెచ్చరిక ఉందో లేదో చూసే శ్రద్ధ ఈ నిబంధన మీద కనపడదు.

బాగా తీసినవీ ఉన్నాయి. 2019 ‘అల్లాదీన్’ ఎడారి దృశ్యాలు తీసిన జోర్డాన్‌లోని వాదీ రమ్‌లోనే 2014లో ‘థీబ్’ తీశారు. ప్రధాన పాత్రల్లో ఎక్కువగా అక్కడి బదూయిన్లే (ఎడారి తెగల వాళ్లు) నటించారు, వాళ్ల మాండలికంలోనే మాట్లాడారు. సినిమా ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. మీ వ్యాసంలో దాని పేరే లేదు. 2017–2019 మధ్య బాగా ఆడిన 200 సినిమాలను పరిశీలిస్తే 181 సినిమాల్లో నోరు విప్పే ముస్లిం పాత్ర ఒక్కటీ లేదని 2021లో అమెరికాలోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (యూఎస్‌సీ) అధ్యయనం తేల్చింది. హాలీవుడ్ మారిందని రాసే ముందు ఈ అంకె వేయాల్సింది.

ఇకమీదట డబ్బింగ్ సినిమాలకు సమీక్ష రాసేటప్పుడు తెలుగు మాటలు ఎవరు రాశారో, ఏ పాత్రకు ఏ యాస పెట్టారో కూడా రాయించండి.

— ఒక పాఠకుడు, హైదరాబాద్