అష్టభోగాల ఊసే లేని న్యాయ చరిత్ర సదస్సు

సంపాదకులకు,

న్యాయ చరిత్ర మీద జాతీయ సదస్సు అని ఫ్లెక్సీ కనపడితే పోయిన నెల రెండు రోజులూ వెళ్లి కూర్చున్నాను. ముప్పై ఏళ్లు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు దస్తావేజులు రాసినవాణ్ణి కదా, మన పనికి సంబంధించిన ముక్క ఒక్కటైనా వినపడకపోతుందా అనుకున్నా. బ్రిటిష్ వాళ్ల కాలంలో లండన్‌లో ఉన్న పై కోర్టు ప్రివీ కౌన్సిల్ వచ్చింది, మెకాలే వచ్చాడు, వారన్ హేస్టింగ్స్ అయితే రెండుసార్లు వచ్చాడు, అంతా తెల్లదొరల ముచ్చటే. తెలుగు కాగితం మాత్రం ఒక్కటీ రాలేదు.

మేం రాసే విక్రయ దస్తావేజులో 'నిధి నిక్షేప జల పాషాణ అక్షీణ ఆగామి సిద్ధ సాధ్యములనెడి అష్టభోగ స్వామ్యములతో' అని ఉంటుంది, అంటే ఆ భూమిలోని నిధి, నీరు, రాయి, ఇకమీదట వచ్చే రాబడి లాంటి ఎనిమిది రకాల హక్కులూ కొన్నవాడివే అని. (మా గురువుగారు 'తరు' కూడా కలిపేవారు, లెక్కపెడితే తొమ్మిది, అయినా అష్టభోగాలే!) విజయనగర రాజులు అగ్రహారాలు ఇచ్చిన రాగిరేకుల్లోనూ ఇవే మాటలు. రాజు ఊరికి ఊరే రాసిచ్చినప్పటి మాట, రెండు సెంట్ల స్థలం అమ్ముకునే చేనేత కార్మికుడి కాగితంలోకి ఎలా దిగింది, ఎవరు మోసుకొచ్చారు, కరణాలా, మాలాంటి లేఖరులా? పైగా 1878 నాటి చట్టం ప్రకారం భూమిలో పది రూపాయలు దాటిన నిధి దొరికితే కలెక్టరుకు చెప్పి తీరాలి, అయినా మేం 'నిధి' రాస్తూనే ఉన్నాం, పార్టీలు సంతకాలు పెడుతూనే ఉన్నారు.

ప్రశ్నల టైములో లేచి ఇదే అడిగాను. అధ్యక్షత వహించినాయన నవ్వి, "బాగుందండీ, లంచ్‌లో మాట్లాడుకుందాం" అన్నారు. లంచ్‌లో పులిహోర బాగుంది, ఆయనే కనపడలేదు.

మా చీరాలకు దగ్గర్లోనే మోటుపల్లి. తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా పూర్వం రాజులు లాగేసుకునేవారు, ఇకమీదట సుంకం తప్ప ముట్టుకోం, అదీ ముప్పైకి ఒక వంతే అని 1244లో కాకతీయ గణపతిదేవుడు రాయి మీద చెక్కించి మరీ మాటిచ్చిన ఊరు. ఆ పేరు కూడా ఎవరి నోటా రాలేదు.

ఇంగ్లీషులో చదివారని నాకేం పేచీ లేదు. ఈసారి ఒక్క పూట తెలుగులో పెట్టండి, ఇళ్లల్లో ట్రంకు పెట్టెల అడుగున పడున్న పాత దస్తావేజులు పట్టుకురమ్మని ముందుగా పేపర్లో ఒక ప్రకటన ఇవ్వండి, చాలు. బ్రిటిష్ రాజు తలకాయ ముద్ర ఉన్న పాత స్టాంపు కాగితాలు నా దగ్గరే పదకొండు ఉన్నాయి, రెండింటికి చెదలు పట్టింది గానీ మిగతావి శుభ్రంగా చదవొచ్చు. అవి తీసుకుని నేనొస్తా, భోజనం కూడా నేనే తెచ్చుకుంటా.

- ఒక రిటైర్డ్ దస్తావేజు లేఖరి, చీరాల