వార్షిక నివేదిక: వెళ్లిన ఊళ్లు, వచ్చిన అతిథులు

సర్వసభ్య సమావేశానికి వచ్చిన పాస్టరుగారికి, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం అక్కయ్యలకు, యవ్వనస్థులకు, ఉద్యోగాల మీద ఊరు దాటి ఉండి దీన్ని ఫోన్‌లో చదువుతున్న సభ్యులకు ప్రభువు నామంలో వందనాలు.

కిందటి సర్వసభ్య సమావేశంలో మనం ఒక తీర్మానం చేసుకున్నాం. షామియానాలు, మైకులు, బ్యానర్లతో జరిపే ఉజ్జీవ సభలు తగ్గించి, ఆ డబ్బూ ఆ ఓపికా రెండు పనులకు పెడదామన్నాం. మన దగ్గరికి వచ్చినవాళ్లకు అన్నం, చోటు ఇవ్వడం ఒకటి. పిలిచినవాళ్ల ఇంటికి ఎంత దూరమైనా వెళ్లడం రెండోది. సభలు లేకపోతే సంఘంలో ఉత్సాహం చల్లబడుతుందేమోనని కొందరు పెద్దలు ఆ రోజు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. ఏడాది తిరిగాక కార్యదర్శిగా నా జవాబు ఇది: వంటింట్లో చేతులు కాల్చుకున్నవాళ్లూ, ఘాట్ రోడ్డు బస్సులో కడుపు తిప్పి బాధపడ్డవాళ్లూ మళ్లీ మళ్లీ తమంతట తామే పేర్లు ఇస్తున్నారు. బతిమాలి ఎవరినీ పంపాల్సిన అవసరం రాలేదు. సేవలో సంతోషం అని మనం ప్రార్థనల్లో అనే మాట ఈ ఏడాది మన మధ్య కళ్లకు కనబడింది.

కేజీహెచ్‌కి వచ్చినవాళ్లు

మన పనిలో పెద్ద భాగం ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మన విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రికి (కేజీహెచ్) శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం, పాడేరు వైపు నుంచే కాక, ఒడిశాలోని కోరాపుట్, రాయగడ, మల్కాన్‌గిరి నుంచి కూడా రోగులు వస్తారు. రోగికి మంచం దొరుకుతుంది. కూడా వచ్చిన తల్లికో, తమ్ముడికో ఏ మంచమూ ఉండదు. వరండాలో దుప్పటి పరుచుకోవడం, చెప్పులు తలకింద పెట్టుకోవడం, ఉన్న నాలుగు డబ్బులూ రోగి కోసం దాచి తాము టీ, బన్నుతో రోజు గడిపేయడం. మహారాణిపేటలో ఉండేవాళ్లకు ఇది రోజూ కనిపించే సంగతే.

వాళ్ల కోసం మన హాలు వెనక గదిని బాగు చేశాం. షూనేము ఇల్లాలు ఎలీషా ప్రవక్త కోసం మేడ మీద గది కట్టించి, అందులో మంచం, బల్ల, పీట, దీపం పెట్టించిన సంగతి మనకు తెలిసిందే. దారిన పోయే మనిషికి ఏం కావాలో ఆమె ముందుగానే ఆలోచించింది. మనమూ అలాగే ఆలోచించి పరుపులు, ఫ్యాను సిద్ధం చేశాం. అయితే వచ్చినవాళ్లు మొదట అడిగింది ఫోన్ ఛార్జింగ్ పెట్టుకునే ప్లగ్గు. తర్వాత ఉతికిన బట్టలు ఆరేసుకోవడానికి తాడు. ఆ తర్వాత రిపోర్టులు, ఎక్స్‌రేలు, ఆధార్ కార్డు భద్రంగా దాచుకోవడానికి తాళం ఉన్న పెట్టె. ఇప్పుడు మూడూ ఉన్నాయి. ఫోన్ ఆగిపోతే ఊళ్లో ఇంటివాళ్లకు ఎంత టెన్షన్‌గా ఉంటుందో, వార్డు నుంచి పిలుపు వస్తే అందుకోలేమన్న భయంతో అసలు గదికే రాకుండా ఉండిపోయేవాళ్లు ఎందరో, ఈ పనిలోకి దిగాకే మనకు తెలిసింది.

వంట స్త్రీల సమాజం చూసుకుంటోంది. అన్నం, పప్పుచారు, ఒక కూర, మజ్జిగ. ఆదివారం గుడ్డు. రోగుల కోసం ఎవరైనా గంజి గానీ, పత్యం కూర గానీ అడిగితే చేసి ఇస్తున్నారు కానీ, వార్డులో నర్సమ్మను అడగకుండా ఏదీ లోపలికి పంపడం లేదు. ఆపరేషన్ అయినవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు మన ప్రేమ కొద్దీ ఏదో పెట్టి చేటు చేయకూడదని సమాజం మొదటి రోజునే గట్టిగా అనుకుంది. రైల్వేలో పనిచేసి రిటైరైన మన సభ్యులు కొందరికి ఒడియా బాగా వచ్చు. వాళ్లు సాయంత్రాలు వచ్చి కూర్చోవడం వల్ల ఎంత మేలు జరిగిందో చెప్పలేను. డాక్టరు చెప్పింది అర్థం కాక, మళ్లీ అడగడానికి భయపడి, మందుల చీటీ చేతిలో పట్టుకుని నిలబడ్డ మనిషికి తన భాషలో ఒక మాట వినిపిస్తే చాలు, ముఖం మారిపోతుంది. మన రాష్ట్రం వాళ్లకు ప్రభుత్వ ఉచిత వైద్య పథకం సహాయ కౌంటరు ఎక్కడుందో చూపించి, ఏ కాగితాలు కావాలో చెప్పి పంపడం యవ్వనస్థులు నేర్చుకున్నారు.

ప్రార్థన గురించి ఒక మాట. అడిగినవాళ్లతోనే ప్రార్థన చేశాం. భోజనానికి ముందు పాట పాడాలనీ, వాక్యం వినాలనీ ఎవరికీ షరతు పెట్టలేదు. ఏ మతం, ఏ కులం అన్న ప్రశ్న మన రిజిస్టర్‌లో లేదు. ఆకలితో ఉన్న మనిషి ముందు అన్నం పెట్టి మన మాట వినమంటే అది ఆతిథ్యం కాదన్నది కార్యవర్గం అభిప్రాయం, నా అభిప్రాయం కూడా. ఒకావిడ, కొడుకు కాలు విరిగి వార్డులో ఉంటే, తన కొండదేవతకు మొక్కుకుంటూనే మన వంటింట్లో ఉల్లిపాయలు తరిగి పెట్టేది. వెళ్లేరోజు మన అక్కయ్య చేయి పట్టుకుని, "మా ఊరు రాకపోతే ఊరుకోను" అంది.

పిలిచిన ఊళ్లకు ప్రయాణం

ఈ ఏడాది మన ప్రయాణాలన్నీ ఇలాంటి పిలుపుల వల్లనే జరిగాయి. మ్యాపు ముందు పెట్టుకుని ఊళ్లు ఎంచుకోలేదు. మన గదిలో పడుకుని వెళ్లినవాళ్లు ఫోన్ చేసి రమ్మంటే వెళ్లాం. కొన్నిసార్లు పొద్దున కిరండూల్ పాసింజర్ ఎక్కి అరకు వైపు, కొన్నిసార్లు కాంప్లెక్స్‌లో బస్సు పట్టుకుని పాడేరు వైపు. అక్కడి నుంచి ఆటో, ఆటో వెళ్లని చోట నడక. కాఫీ పళ్లు కోసే రోజుల్లో, అంటే నవంబరు తర్వాత, పగలు ఇళ్లలో ముసలివాళ్లు, చంటిపిల్లలు తప్ప ఎవరూ ఉండరు. అందుకని సాయంత్రానికి చేరుకుని రాత్రికి అక్కడే ఉండేలా చూసుకున్నాం.

పైన చెప్పిన ఆ తల్లి ఊరు కూడా వెళ్లాం. మట్టి గోడలు, ఎర్రమట్టితో అలికిన అరుగు. కొడుకు కర్ర పట్టుకుని ఎదురొచ్చాడు. ఆనపకాయ బుర్రలోంచి చోడి (రాగి) అంబలి గిన్నెల్లోకి వంచి, పక్కన ఉప్పు, పచ్చిమిరపకాయ పెట్టింది. తర్వాత అడ్డాకుల్లో సామ అన్నం, చిక్కుడు గింజల కూర, ఉడికించిన గుడ్లు. ఆ ఇంట్లో గుడ్లు అంత తేలిగ్గా ఖర్చుపెట్టే వస్తువు కాదని మాకు తెలుసు. మాలో ఒకతను మొహమాటపడి వద్దనబోయాడు. పక్కనున్న అక్కయ్య అతన్ని ఆపింది. అందరం తిన్నాం. ఆ తల్లి మా ఎదురుగా కూర్చుని, మేం తినడాన్ని చూస్తూ, విశాఖలో మేం ఆమెకు ఏ రోజు ఏం వండి పెట్టామో పక్కింటివాళ్లకు ఒక్కొక్కటీ చెప్పింది. కూరల పేర్లు మాకే గుర్తులేవు, ఆమెకు గుర్తున్నాయి.

ప్రభువు డెబ్బదిమందిని పంపుతూ సంచి వద్దన్నాడు, చేరిన ఇంట్లో పెట్టినది తినమన్నాడు. చాలాకాలం మనం దాన్ని సేవకుడి త్యాగం గురించిన మాటగానే చెప్పుకున్నాం. ఆ ఊళ్లో కూర్చున్నప్పుడు అందులో మరో సంగతి అర్థమైంది. చేతిలో ఏమీ లేకుండా వెళ్లినవాడు ఆ ఇంటివాళ్లను పెట్టేవాళ్లను చేస్తాడు. ఎప్పుడూ పుచ్చుకునేవాళ్లుగానే ఉండిపోయిన మనుషులకు ఆ గౌరవం దక్కాలి. అందుకే ఇకపైన బట్టల మూటలు, బిస్కెట్ పెట్టెలు వేసుకుని ఊళ్లోకి దిగే పద్ధతి మనకు వద్దని కార్యవర్గం అనుకుంది. ఏదైనా అవసరం ఉంటే ఆ ఊరి పెద్దలతో మాట్లాడి, వేరే రోజు, వేరే పనిగా చేద్దాం. అతిథిగా వెళ్లినరోజు అతిథిగానే ఉందాం.

మన విశాఖలో సువార్త చరిత్ర కూడా అలా ఊరు కాని ఊరు వచ్చినవాళ్లతోనే మొదలైందని యవ్వనస్థులకు ఈ ఏడాది చెప్పాం. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, ఆగస్టస్ డి గ్రాంజెస్ ఇక్కడికి వచ్చింది 1805లో. ఇక్కడివాళ్ల దగ్గర తెలుగు నేర్చుకున్నారు. ఆనందరాయర్ అనే తెలుగు పండితుడు అనువాదంలో తోడ్పడ్డాడు. క్రాన్ 1809లో, డి గ్రాంజెస్ 1810లో చనిపోయారు. వాళ్లు మొదలుపెట్టిన తెలుగు సువార్తలు బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయింది 1812లో. తాము పడ్డ కష్టం పుస్తకంగా రావడం ఇద్దరిలో ఎవరూ చూడలేదు. భాష నేర్పిన మనిషి లేకపోతే ఆ పుస్తకమే లేదు. పాతనగరం వీధుల్లో నడుస్తూ, రాస్ హిల్ మీద చర్చి దాకా ఎక్కి ఓడల దారి చూస్తూ ఈ సంగతులు చెప్పుకున్నాం. పక్క కొండల మీద దర్గా, వేంకటేశ్వరస్వామి గుడి. మూడు కొండల మీద ముగ్గురికీ చోటిచ్చిన ఊరు మనది.

రేవుకు వచ్చినవాళ్లు

1933లో రేవు తెరిచిన నాటి నుంచీ ఈ ఊరికి ఓడ మనుషులు వస్తూనే ఉన్నారు. ఇప్పటి ఓడలు సరుకు దించి, ఎక్కించి త్వరగా వెళ్లిపోతాయి. ఓడ దిగి ఊళ్లోకి రావడానికి ఇచ్చే షోర్ పాస్ దొరికిన నావికులకు కూడా ఊళ్లో గడపడానికి కొద్ది గంటలే ఉంటాయి. బీచ్ రోడ్డు చూసి, ఏదో కొనుక్కుని వెళ్లిపోతారు. రేవులో పనిచేసే మన సభ్యుల ద్వారా అలా వచ్చినవాళ్లలో కొందరిని ఇళ్లకు భోజనానికి పిలిచాం. ఎక్కువమంది ఫిలిప్పీన్స్ వాళ్లు. అన్నం తినేవాళ్లు, చేపల పులుసు చూసి ఇంటికి వచ్చినట్టుందన్నారు. ఒక కుర్రాడు భోజనం కాగానే ఇంట్లో చంటిబిడ్డను ఎత్తుకోవచ్చా అని అడిగాడు. అతను ఓడ ఎక్కాక పుట్టిన తన కూతుర్ని వీడియోలో తప్ప చూడలేదట. ఓడకు తిరిగి వెళ్లే టైము దాకా బిడ్డను కింద పెట్టలేదు. ఆ ఇంటి పెద్దమ్మగారు ఇప్పటికీ ప్రతి రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆ కుర్రాడి పేరు తలుచుకుంటారు. జులై రెండో ఆదివారం, చాలా దేశాల్లో సంఘాలు నావికుల కోసం ప్రార్థించే రోజున, మనమూ ఆరాధనలో వాళ్లను జ్ఞాపకం చేసుకున్నాం. వచ్చే ఏడాది ఆ రోజుకు ఇంకాస్త బాగా సిద్ధపడాలి.

మిగతావి

సింహాచలం గిరిప్రదక్షిణ రాత్రి ఆ దారిలో ఇళ్లున్న మన సభ్యులు మజ్జిగ, మంచినీళ్లు ఇచ్చారు. దాదాపు 32 కిలోమీటర్లు నడిచేవాళ్ల కాళ్లకు కావలసింది కాసేపు కూర్చోవడానికి కుర్చీ. అదీ వేశారు. కరపత్రాలు ఇవ్వలేదు.

పోటీ పరీక్షలకు దూరం నుంచి వచ్చే ఆడపిల్లలకు ముందురోజు రాత్రి మన ఇళ్లలో బస ఇస్తున్నాం. ఆ ఇళ్లను స్త్రీల సమాజం ముందుగా వెళ్లి చూసి రావడం తప్పనిసరి. ఇందులో ఎవరికీ మినహాయింపు లేదు, పెద్దల ఇళ్లకు కూడా.

విదేశీ అతిథులను ఇంట్లో ఉంచుకునే సభ్యులు, వాళ్లు వచ్చిన సంగతి అధికారులకు తెలిపే ఫారాన్ని 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. బంధువైనా, స్నేహితుడైనా నింపాలి. టూరిస్టు వీసా మీద వచ్చినవాళ్లను వాక్యం చెప్పమని పిలవడం లేదు. వాళ్లు మనతో కూర్చుని ఆరాధనలో పాలుపొందితే చాలు.

క్రిస్మస్‌కు గదిలో ఉన్నవాళ్లందరితో కలిసి ప్రేమ విందు జరిగింది. అరిసెలు, జంతికలు చాలక మళ్లీ వండాల్సి వచ్చింది. క్యారల్స్ రౌండ్లలో ఈసారి మైకు లేకుండా గొంతులతోనే పాడారు. వీధుల్లోవాళ్లు తలుపులు తీసి లోపలికి పిలవడం అందరం గమనించాం.

ఆడిటర్‌గారు సరిచూసిన జమాఖర్చుల పట్టిక నోటీసు బోర్డు మీద ఉంది. ఖర్చంతా దాదాపు బియ్యం, గ్యాసు, కరెంటు, ప్రయాణపు చార్జీలు. ప్రశ్నలుంటే కోశాధికారిని ఈ సమావేశంలోనే అడగండి.

వచ్చే ఏడాదికి

గది చాలడం లేదు. మహారాణిపేట, జగదాంబ, పూర్ణామార్కెట్ చుట్టుపక్కల ఇళ్లున్న సభ్యులు ఒక రాత్రికి ఒక మనిషికి చోటివ్వగలిగితే పేరు ఇవ్వండి. ఒడియా గానీ, కొండ గిరిజనుల భాష కువి గానీ మాట్లాడగలిగినవాళ్లు మీ బంధువుల్లో ఉంటే, వాళ్లు మన సంఘంవాళ్లు కాకపోయినా, మాకు పరిచయం చేయండి. ఘాట్ రోడ్ల మీద బండి నడిపి అలవాటున్న డ్రైవరు కావాలి. కాఫీ కోతలు, పసుపు పనులు అయ్యాక రమ్మని పిలిచిన ఊళ్లు చాలా ఉన్నాయి. మొదటిసారి వచ్చేవాళ్లకు ఆ ప్రయాణాల్లోనే ముందు చోటిస్తాం.

పేర్ల పుస్తకం బయట స్త్రీల సమాజం బల్ల మీద ఉంది. మీ ఇంట్లో మాంసం వండుతారా లేదా, మేడ మెట్లు ఎక్కాల్సి వస్తుందా, ఏ రోజులు వీలుపడదు, ఇవి కూడా పేరు పక్కన రాయండి.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి